తలుపు మూసిన రోజుల లెక్క



ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకటి పైకి చూస్తే చాలా చిన్న విషయం గురించి. విజయవాడ నుండి ఒక సోదరి వ్రాశారు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతం నీట మునిగినప్పుడు వారి ఇంట్లోకి కూడా నీరు వచ్చింది. పిల్లవాని కోసం గ్రంథాలయం నుండి తెచ్చిన రెండు పుస్తకాలలో ఒకటి అటక మీద ఉండి దక్కింది. రెండవది తడిసి అట్ట ఊడిపోయింది. గ్రంథాలయం కూడా కొంతకాలం తెరుచుకోలేదు. తెరుచుకున్న తరువాత, జరిమానా ఎంత అయిందో, తడిసిన పుస్తకానికి ఏమంటారో అన్న భయంతో ఆమె వెళ్లలేదు. వెళ్లని రోజులు పెరిగిన కొద్దీ భయమూ పెరిగింది. పిల్లవాడు కూడా గ్రంథాలయానికి వెళ్లడం మానుకున్నాడు. "ఆ పుస్తకాలు ఇప్పటికీ మా బీరువాలోనే ఉన్నాయి. అవి గుర్తుకు వస్తే నమాజులో కూడా మనసు నిలవడం లేదు. మేము దొంగలమా?" అని ఆమె అడిగారు.

సోదరీ, మీరు దొంగలు కారు. దొంగకు ఇటువంటి బాధ ఉండదు. అయితే మీ ప్రశ్నకు "ఏమీ పరవాలేదు" అన్న ఒక్క మాటతో జవాబు చెప్పి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. ఎందుకంటే ఇందులో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి: గ్రంథాలయం మూసి ఉన్న రోజులు, తెరిచిన తరువాత మీరు వెళ్లని రోజులు, తడిసిన పుస్తకం. మూడింటికీ ధర్మశాస్త్రంలో మూడు వేర్వేరు లెక్కలు ఉన్నాయి.

ముందుగా అసలు విషయం. మూల్యం తీసుకోకుండా ఒక వస్తువును వాడుకోవడానికి ఇచ్చి, తిరిగి తీసుకోవడాన్ని మన ఫిఖ్హ్ గ్రంథాలు 'ఆరియత్' అంటాయి. పొరుగింటి నుండి తెచ్చుకున్న నిచ్చెన, చుట్టాల దగ్గర తెచ్చుకున్న వంట డేగిసా, గ్రంథాలయం నుండి తెచ్చుకున్న పుస్తకం అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఇటువంటి చిన్న వస్తువులను ఇరుగుపొరుగుకు ఇవ్వకుండా బిగబట్టుకునేవారిని దివ్య ఖుర్ఆన్ మాఊన్ సూరాలో గర్హించింది. అలాగే అమానతులను వాటి హక్కుదారులకు చేర్చమని నిసా సూరా 58వ ఆయతులో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. కనుక ఇచ్చేవానికి ఉదారత ఎంత అవసరమో, తీసుకున్నవానికి నిజాయితీ అంతే అవసరం.

గ్రంథాలయం పుస్తకంలో మొదటి పేజీకి అంటించిన చీటీ మీద తేదీ ముద్ర వేసి ఇస్తుంది. దానిని మనం తేలికగా తీసుకుంటాము. కాని అది ఒక ఒప్పందం. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆదేశంతోనే మాయిదా సూరా మొదలవుతుంది. ఆ ముద్రతో మనం ఇచ్చిన మాట ఏమిటి? ఫలానా తేదీలోగా పుస్తకం తెచ్చి ఇస్తామని. దానిలోనే గ్రంథాలయం ఇచ్చిన మాట కూడా ఒకటి ఉన్నది. ఆ తేదీలోగా మీరు వస్తే తలుపు తెరిచి ఉంటుంది, పుస్తకం తీసుకునే మనిషి ఉంటాడు అని. ఈ రెండవ మాట చీటీ మీద వ్రాసి ఉండదు. అయినా అది లేనిదే మొదటి మాటకు అర్థం లేదు.

హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలలో ఆరియత్ అధ్యాయాన్ని బోధించేటప్పుడు విద్యార్థులకు మేము ఒక నియమాన్ని పదే పదే చెబుతాము. గడువు పెట్టి ఇచ్చిన వస్తువును, తిరిగి ఇవ్వగలిగిన స్థితిలో ఉండి కూడా గడువు దాటి అట్టే పెట్టుకున్నవాడు బాధ్యుడవుతాడు. ఇందులో బరువంతా "తిరిగి ఇవ్వగలిగిన స్థితిలో ఉండి" అన్న షరతు మీద ఉన్నది. తలుపుకు తాళం పడి ఉన్నప్పుడు ఆ స్థితి లేదు. కనుక ఆ రోజులకు తప్పూ లేదు, జరిమానా కూడా లేదు.

ఇది మన సౌలభ్యం కోసం కల్పించుకున్న మాట కాదు. హిజ్రీ 6వ సంవత్సరంలో మహాప్రవక్త (సల్లం) దాదాపు 1400 మంది సహచరులతో ఉమ్రా కోసం ఇహ్రాం ధరించి బయలుదేరారు. హుదైబియా వద్ద ఖురైషులు దారి మూసివేశారు. సంకల్పం ఉన్నది, బలి పశువులు వెంట ఉన్నాయి, దారి మాత్రం లేదు. అప్పుడు వారు అక్కడే బలి ఇచ్చి, శిరోముండనం చేయించుకొని ఇహ్రాం విడిచారు. దారి మూసినందుకు వారి మీద నింద రాలేదు. కాని మరుసటి ఏడు, హిజ్రీ 7లో, దారి తెరుచుకోగానే వెళ్లి ఉమ్రా చేశారు. అడ్డంకి వచ్చిన రోజుల్లో పాపం లేదు, అడ్డంకి తొలగిన తరువాత ఆలస్యం లేదు. రమజానులో వ్యాధిగ్రస్తునికీ, ప్రయాణికునికీ ఉన్న నియమం కూడా ఇదే. వదిలిన రోజాలకు దోషం లేదు, అయితే లెక్క వేరే రోజుల్లో పూర్తి చేయాలి. కారణం మన బాధ్యతను ఆపి ఉంచుతుందే కాని చెరిపివేయదు.

ఇప్పుడు దీనిని అంకెలలో చూద్దాము. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ వచ్చింది. దాని వెంటనే లాక్‌డౌన్ వచ్చింది. 21 రోజులన్నది ఏప్రిల్ 14తో ఆగలేదు. మే 3, మే 17, మే 31 అంటూ పొడిగిస్తూ పోయారు. ఉదాహరణకు ఒక గ్రంథాలయం మార్చి 21న చివరిసారి తెరిచి, మళ్లీ సెప్టెంబరు 1న తెరిచిందనుకుందాము. రోజుకు 1 రూపాయి జరిమానా అనుకుందాము.

ఒకరు మార్చి 12న 15 రోజుల గడువుతో పుస్తకం తీసుకున్నారు. వారి గడువు మార్చి 27. మూసేనాటికి 9 రోజులు గడిచాయి, 6 రోజులు మిగిలాయి. ఆ 6 రోజులు సెప్టెంబరు 1 నుండి మొదలవుతాయి. సెప్టెంబరు 6లోగా పుస్తకం ఇస్తే వారు బాకీ పడేది ఏమీ లేదు.

మరొకరి గడువు మార్చి 5నే ముగిసింది. మార్చి 6 నుండి 21 వరకు తలుపు తెరిచే ఉన్నది, వారు వెళ్లలేదు. ఆ 16 రోజులు వారి సొంత ఆలస్యం. వారు సెప్టెంబరు 1న పుస్తకం తెచ్చి ఇస్తే చెల్లించవలసింది 16 రూపాయలు. క్యాలెండరు చూసి ఆగస్టు 31 వరకు లెక్క కడితే 179 రూపాయలు అవుతుంది. ఆ తేడా 163 రూపాయలు ఎవరి తప్పుకూ వెల కాదు. అలాగే "లాక్‌డౌన్ వచ్చింది కదా" అని ఆ 16 రూపాయలను కూడా ఎగవేయడం నిజాయితీ కాదు. మూసిన తలుపు దాని ముందు రోజులను కడగదు.

ఈ లెక్క మేము ఇంత వివరంగా చెప్పడానికి ఒక కారణం ఉన్నది. దానిని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, దాచడం ఇంకా పెద్ద తప్పు. మేము బోధించిన ఒక మదరసాలో కుతుబ్‌ఖానా బాధ్యత కూడా కొన్నేళ్లు మా మీద ఉండేది. 2020 మార్చిలో వార్షిక పరీక్షలు ఇంకా జరగకముందే పిల్లలను హడావుడిగా ఇళ్లకు పంపించవలసి వచ్చింది. చాలామంది సంచులలో కుతుబ్‌ఖానా పుస్తకాలు కూడా వెళ్లిపోయాయి. ఏడు నెలల తరువాత మదరసా తెరిచినప్పుడు రిజిస్టరు చూసే ఉద్యోగి గోడకు ఉన్న నియమం ప్రకారం, ఒక్కో పుస్తకానికి రోజుకు 1 రూపాయి చొప్పున లెక్క కట్టి జాబితా తయారు చేశారు. ఆ జాబితాను మా ముందు పెట్టారు. మేము చదవకుండానే సంతకం చేశాము.

ఒక విద్యార్థి దగ్గర రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి అరబీ-ఉర్దూ నిఘంటువు, రెండవది ఫిఖ్హ్ ప్రాథమిక గ్రంథం. తండ్రి దర్జీ పని చేసేవారు. ఆ ఏడు పెళ్లిళ్లు లేవు, రమజాను కుట్టుపని లేదు, పండుగ కుట్టుపని లేదు. ఆ పిల్లవాడు రెండు పుస్తకాలను తల్లి పాత దుపట్టాలో చుట్టి, ఒక్క మడత కూడా పడకుండా తెచ్చి ఇచ్చాడు. నాలుగు వందల పైచిలుకు రూపాయలు కట్టాలని అతనికి చెప్పారు. అతడు ఏమీ అనలేదు. "తెస్తాను" అని వెళ్లిపోయాడు. ఆ తరువాత కుతుబ్‌ఖానా గడప తొక్కలేదు.

పాఠంలో అతడు వెనుకబడుతున్నాడని మేము గమనించాము. ఒకటి రెండుసార్లు మందలించాము కూడా. నిఘంటువు చూసుకొని రాకుండా ఎందుకు వస్తున్నావని అందరి ముందు అడిగాము. అతడు తల వంచుకున్నాడు. పక్కన కూర్చున్న పిల్లవాడు చివరికి అసలు సంగతి చెప్పాడు. మేము వెళ్లి రిజిస్టరు తెరిచాము. అతని పేరు పక్కన అంకె, దాని కింద మా సంతకం. ఆ రోజు ఉదయమే తరగతిలో "తిరిగి ఇవ్వగలిగిన స్థితిలో ఉండి" అన్న మాటను మేము బోధించి వచ్చాము.

ఆ పిల్లవాని బాకీ కొట్టివేయడం తేలిక. కష్టమైనది దాని తరువాతిది. అప్పటికే కొందరు తల్లిదండ్రులు అప్పు చేసి అయినా జరిమానా కట్టారు. ఆ డబ్బు మదరసా ఖాతాలో ఉన్నది. అల్లాహ్ హక్కులో పొరపాటు జరిగితే పశ్చాత్తాపంతో ఆయన క్షమిస్తాడని ఆశించవచ్చు. దాసుల హక్కులో పొరపాటు జరిగితే ఆ హక్కు హక్కుదారునికి చేరాలి, లేదా అతడు మనస్ఫూర్తిగా క్షమించాలి. నిర్వాహకులతో మాట్లాడి, ఒక్కొక్కరికీ డబ్బు తిరిగి ఇచ్చాము. ఒక కుటుంబం అప్పటికి వేరే ఊరికి వెళ్లిపోయింది. వారి చిరునామా తెలుసుకొని మనియార్డరు పంపాము. ఆ విద్యార్థిని తరగతిలో అందరి ముందు మందలించాము కనుక, అందరి ముందే క్షమాపణ కోరాము. అతడు మరునాడు నిఘంటువు కోసం వచ్చాడు. ఆ నెలలో మాకు అంతకంటే పెద్ద ఊరట కలగలేదు.

ఇక జరిమానా విషయం. అసలు ఆలస్యానికి డబ్బు రూపంలో దండన విధించవచ్చునా అన్నది మన ధర్మవేత్తల మధ్య చర్చనీయాంశమే. హనఫీ మజ్‌హబులో ప్రబలమైన అభిప్రాయం దానిని అనుమతించదు. ఇమాం అబూ యూసుఫ్ (రహ్మలై) నుండి అనుమతించే ఉల్లేఖనం ఒకటి ఉన్నది. దానికి కొందరు ధర్మవేత్తలు, ఆ డబ్బును కొంతకాలం ఆపి ఉంచి, మనిషి సరిదిద్దుకున్న తరువాత తిరిగి ఇవ్వాలన్నదే దాని భావమని వివరణ ఇచ్చారు. నేటి పండితులలో కూడా అభిప్రాయ భేదాలు ఉన్నాయి. అయితే ఒక విషయంలో సందేహం లేదు. జరిమానా పుస్తకానికి అద్దె కాదు. అద్దె అయితే అది ఆరియతే కాదు. జరిమానా ఉద్దేశం ఒక్కటే, పుస్తకం ఒకరి అలమారాలో నిద్రపోకుండా తరువాతి పాఠకునికి చేరాలి. తలుపే మూసి ఉన్నప్పుడు ఆ తరువాతి పాఠకుడు లేడు. ఉద్దేశమే లేనిచోట దండనకు చోటు ఎక్కడిది?

నియమాన్ని దాని ఉద్దేశంతో కలిపి చదవడం మన పెద్దలకు తెలిసిన పద్ధతే. కైరోలోని మహ్మూదియ్యా మదరసాకు గ్రంథాలు వక్ఫ్ చేసిన దాత, ఏ గ్రంథమూ బయటికి వెళ్లకూడదని షరతు పెట్టారు. ఇమాం సుయూతీ (రహ్మలై) ఆ షరతు గురించే ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం వ్రాశారు. దాత కోరింది గ్రంథాల రక్షణ, వాటి నుండి ప్రయోజనం, కనుక ఆ రెండూ నెరవేరే సందర్భాన్ని వేరుగా చూడాలన్నది ఆయన వాదన. మరోవైపు మర్వ్ నగర గ్రంథాలయాల ఉదారతను యాఖూత్ హమవీ (రహ్మలై) ఎంతో ప్రేమతో తలచుకున్నారు. ఆయన ఇంట్లో ఎప్పుడూ దాదాపు రెండు వందల సంపుటాలు ఉండేవట, చాలావాటికి తాకట్టు కూడా అడగలేదట. మంగోలుల దండయాత్ర ముంచుకు వస్తున్నప్పుడు ఆయన ఆ నగరాన్ని వదిలి వెళ్లారు. 1221లో మర్వ్ నాశనమైంది. తలుపులు మూతపడే రోజులు ఏ కాలంలోనైనా వస్తాయి. అటువంటి రోజుల్లో మిగిలేది మనుషుల మధ్య ఉన్న నమ్మకమే.

సోదరి అడిగిన మూడవ విషయం తడిసిన పుస్తకం. హనఫీ మజ్‌హబు ప్రకారం ఆరియత్ వస్తువు అమానత్ వంటిది. వాడుకున్నవాని నిర్లక్ష్యం లేకుండా వరద వంటి విపత్తులో పాడైతే అతనిపై నష్టపరిహారం లేదు. షాఫయీ, హంబలీ మజ్‌హబులలో పరిహారం ఉన్నది. మీ పుస్తకం వరద నాడు గడువులోపే ఉన్నది కనుక, దానిని మీరు జాగ్రత్తగానే ఉంచారు కనుక, హనఫీ అభిప్రాయం ప్రకారం మీ మీద దోషం లేదు. అయితే గ్రంథాలయ సభ్యత్వం తీసుకున్నప్పుడు, పాడైన పుస్తకానికి బదులు ఇస్తామని మీరు సంతకం చేసి ఉండవచ్చు. ఆ మాటను కూడా మనం గౌరవించాలి. కనుక పుస్తకాన్ని దాచకండి. ఉన్నది ఉన్నట్లు చూపించి, "ఏమి చేయమంటారు?" అని అడగండి.

ఈ విషయంలో మనకు అందమైన ఆదర్శం ఉన్నది. హిజ్రీ 8లో హునైన్ యుద్ధానికి ముందు మహాప్రవక్త (సల్లం) సఫ్వాన్ బిన్ ఉమయ్యా వద్ద కవచాలు అడిగి తీసుకున్నారు. సఫ్వాన్ అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు. బలవంతంగా తీసుకుంటున్నారా అని అడిగితే, కాదు, తిరిగి ఇచ్చే హామీతోనే అని ఆయన చెప్పారు. యుద్ధంలో కొన్ని కవచాలు పోయాయి. ఆయన వాటికి పరిహారం ఇస్తామన్నారు. సఫ్వాన్ వద్దన్నారు. అప్పటికి ఆయన హృదయం ఇస్లాం వైపు మొగ్గింది. చూడండి, తీసుకున్నవారు తామే ముందుకు వచ్చి పరిహారం ఇస్తామన్నారు, ఇచ్చినవారు తామే వద్దన్నారు. తీసుకున్నవాడు "క్షమించు" అని, ఇచ్చినవాడు "కట్టు" అని మొదలుపెడితే తగవు వస్తుంది. ఇద్దరూ ఎదుటివాని పక్షాన మాట్లాడితే బంధం మిగులుతుంది.

ఇక ఆచరణలో మనం పాటించవలసినవి కొన్ని.

పుస్తకం తెచ్చుకున్నవారు గడువు తేదీని ఇంటి క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. ఇంట్లో తెచ్చుకున్న వస్తువులకు ఒకే చోటు, వీలైతే కాస్త ఎత్తైన చోటు ఉంచాలి. గ్రంథాలయం హఠాత్తుగా మూతపడితే, పుస్తకాన్ని గడప దగ్గర వదిలి రావడం, వాకిట్లో కనిపించిన ఎవరికో ఇచ్చి రావడం తిరిగి ఇవ్వడం కాదు. వానలో తడిస్తే, ఎవరైనా తీసుకుపోతే బాధ్యత మీదే. మూసి ఉన్న కాలంలో దానిని మరొకరికి ఇవ్వకండి. ఫోను నంబరు ఉంటే ఒక్క మాట చెప్పి ఉంచండి. తెరిచారని తెలియగానే వెళ్లండి. మీరు వెళ్లలేకపోతే ఇంటివారిని పంపండి. హిజ్రత్ రాత్రి శత్రువులు తన ఇంటిని చుట్టుముట్టిన వేళ కూడా మహాప్రవక్త (సల్లం), మక్కావాసుల అమానతులను వారికి చేర్చే పనిని హజ్రత్ అలీ (రజి)కి అప్పగించి వెళ్లారు. మనకు వచ్చే అడ్డంకులు అంతకంటే పెద్దవి కావు.

గ్రంథాలయం, కుతుబ్‌ఖానా నడిపేవారు మూసే ముందు తలుపు మీద ఒక కాగితం అంటించాలి. మూసిన తేదీ, మళ్లీ తెరిచిన తేదీ రిజిస్టరులో వ్రాసి ఉంచాలి. ఈ రెండు తేదీలు లేకపోతే న్యాయమైన లెక్క సాధ్యం కాదు. తెరిచిన తరువాత మూసిన రోజులను గడువుకు కలపాలి. దూరం నుండి వచ్చేవారికి, వరదలో ఇల్లు పోయినవారికి మరికొన్ని రోజులు ఇవ్వాలి. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వెసులుబాటు ఇవ్వమని బఖరా సూరా 280వ ఆయతు చెబుతున్నది. అప్పు విషయంలోనే ఇంత దయ ఉంటే పుస్తకం విషయంలో ఎంత ఉండాలి! పొరపాటున ఎక్కువ తీసుకున్నది ఉంటే, అడిగే వరకు ఆగకుండా తిరిగి ఇవ్వాలి.

సోదరీ, మీ లెక్క ఇప్పుడు మీకు స్పష్టమై ఉంటుంది. మూసి ఉన్న రోజులకు మీరు ఏమీ బాకీ లేరు. ఎవరైనా అడిగితే మర్యాదగా ఆ తేదీలు చూపించండి. తెరిచిన తరువాత భయంతో గడిచిన రోజులు మాత్రం మీవే. వాటికి నియమం ప్రకారం ఎంత పడితే అంత ఇవ్వడానికి సిద్ధపడండి. ఒకేసారి ఇవ్వలేకపోతే ఆ మాటే చెప్పండి. ఈ వారంలోనే వెళ్లండి. రెండు పుస్తకాలను శుభ్రమైన గుడ్డలో చుట్టి తీసుకువెళ్లండి. మీ అబ్బాయిని కూడా వెంట తీసుకువెళ్లండి. తల్లి ఒక అమానత్‌ను తిరిగి ఇస్తుండగా చూసిన పిల్లవాడు, దాని గురించి మేము పది పాఠాలు చెప్పినా నేర్చుకోలేనిది ఆ ఒక్క గడియలో నేర్చుకుంటాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని చేతిలో మరొక పుస్తకం ఉంటుందని మా ఆశ.

అల్లాహ్ మన చేతుల్లో ఉన్న ఇతరుల హక్కులను మనం బతికి ఉండగానే వారికి చేర్చే భాగ్యాన్ని, ఇతరుల చేతుల్లో ఉన్న మన హక్కులను మృదువుగా అడిగే గుణాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.